నాలుగింటికి మూసే కర్టెన్

ఆంటీ పోయారన్న కబురు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆఫీసుకు వెళ్ళడానికి బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మన ఆంటీ ఇక లేరు. నిద్రలోనే పోయారట" అని ఎవరో పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తున్నాయి. వాటి మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. "అంత్యక్రియలకి సాయం కావాలేమో, ఆవిడ పేరు మన లిస్టులో ఉందా?" అది నన్ను అడిగిన ప్రశ్న. ఆ లిస్టు తయారు చేసింది నేనే.

లేదు అని జవాబిచ్చాను. సాయం ఇచ్చేవాళ్ళ వరసలోనూ లేరు, పుచ్చుకునేవాళ్ళ వరసలోనూ లేరు. డునెడిన్‌కు చదువుకోవడానికి వచ్చి, ఫీజులకూ అద్దెకూ మధ్య నలిగిపోయిన తెలుగు పిల్లల్లో ఆంటీ చేతి అన్నం తినని వాళ్ళు అరుదు. అయినా మా లిస్టు ప్రకారం చూస్తే ఆవిడ ఈ ఊళ్ళో ఎప్పుడూ లేనట్టే. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, నా తప్పు చెప్పకుండా రాయడం కుదరడం లేదు. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఆంటీది తెనాలి వైపు. భర్త ఉద్యోగం వెంట చాలా ఏళ్ళ క్రితమే ఇక్కడికి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. రిటైరయ్యేదాకా ఒక ఆసుపత్రి వంటింట్లో పని చేశారు. ఒక్కతే కూతురు, వెల్లింగ్టన్‌లో ఉంటుంది. ఎక్కితే మోకాళ్ళు పట్టేసేంత ఎత్తు వీధిలో, చెక్క వరండా ఉన్న చిన్న ఇల్లు వాళ్ళది.

నేను స్టూడెంట్‌గా వచ్చిన కొత్తలో చేస్తున్న పార్ట్ టైమ్ పని పోయింది. సీనియర్ ఒకడు నాకు ఆ ఇంటి గుర్తులు చెప్పాడు. "నాలుగు దాటాక పైకెళ్ళు. వరండాలో నీలం రంగు చిల్లీ బిన్ ఉంటది. అందులోంచి ఒక డబ్బా తీసుకుని వచ్చెయ్. బెల్ మాత్రం కొట్టకు." ఇక్కడివాళ్ళు బీచ్‌కు ఐసు వేసుకుని పట్టుకెళ్ళే పెట్టెను చిల్లీ బిన్ అంటారు. ఆంటీ అందులో తువ్వాలు పరిచి, వేడి చల్లారకుండా అన్నం పెట్టేవారు. ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో, పాలకూర లాంటి సిల్వర్‌బీట్ ఆకు పప్పు కలిపిన అన్నం, ఒక మూలన ఆవకాయ. ఆ రోజు నేను తీసుకుని ఊరుకోలేక, థాంక్స్ చెబుదామని బెల్ కొట్టాను.

తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, "ఎవరు నాయనా బెల్ కొట్టమన్నది? డబ్బా పట్టుకుని పోక!" అని కసురుకున్నారు. తర్వాత నిట్టూర్చి, "సరే, మొహం చూపించేశావుగా. ఇంక చేసేదేముంది, లోపలికి రా" అన్నారు.

అలా కర్టెన్‌కు ఇవతలి వైపు కూర్చునే అదృష్టం నా ఒక్కడికి దక్కింది. సరిగ్గా నాలుగింటికి డబ్బాలు బయట పెట్టి, లోపలికి వచ్చి, ముందు గది కిటికీ కర్టెన్ ఈ చివర నుంచి ఆ చివరకు లాగేసేవారు. గాలికి అంచు లేవకుండా ఇత్తడి చెంబు ఆనించేవారు. టీవీ సౌండు పెంచేవారు. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా ఆవిడ వినకూడదన్నమాట. నాకు అదంతా చాదస్తంగా ఉండేది. ఒకసారి అడిగాను కూడా, ఎవరు తీసుకుంటున్నారో చూస్తే తప్పేముంది ఆంటీ అని.

"పుచ్చుకునేవాడి మొహం చూశామనుకో, రేపట్నుంచి వాడు మనల్ని తప్పించుకు తిరుగుతాడు. నాకు వాడి మొహం ఎందుకురా? కడుపు నిండితే చాలదూ?" అన్నారు.

రిటైరయ్యాక ఆవిడ ఒక పాత ధర్మ సంస్థ నేలమాళిగలో వారానికి రెండు రోజులు ఊరికే పనిచేసేవారు. ఎప్పుడో ఉన్ని వ్యాపారంలో గడించిన ఒక ధనవంతుడు వీలునామా రాస్తే పుట్టిన సంస్థ అది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వాళ్ళు రాసుకున్న కార్డులు చెక్క సొరుగుల నిండా ఉన్నాయి. వాటికి బూజు దులిపి, అక్షర క్రమంలో పేర్చి, లైబ్రరీకి అప్పగించడం ఆంటీ పని. నేనూ సెలవు రోజుల్లో సాయం వెళ్ళేవాణ్ణి. అక్కడ ఎప్పుడూ తడి గోనెసంచి వాసన. హీటర్ ఉన్నా, ఆంటీ శాలువా తీసేవారు కాదు.

దానధర్మాలకు కూడా ఒక చరిత్ర ఉంటుందని నాకు ఆ నేలమాళిగలోనే తెలిసింది. మొదటి యుద్ధానికి ముందు సాయం ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసేవారట. ఒక చర్చి వాళ్ళు బొగ్గు ఇస్తే, ఒక షావుకారు భార్య బుట్టలో రొట్టెలు పంపేది. యుద్ధం అయింది, ఆ వెంటే విషజ్వరం ఊళ్ళను ఊడ్చేసింది. విధవలు, తండ్రిలేని పిల్లలు, కాళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికులు. బుట్టలతో అయ్యే పని కాదని తేలిపోయింది. కమిటీలు పుట్టాయి, ట్రస్టులు పుట్టాయి, టైపు మిషను ముందు జీతానికి కూర్చునే సెక్రటరీలు వచ్చారు. ఇళ్ళకు వెళ్ళి చూసి రాయడానికి విజిటర్లను పెట్టారు. ఒకే కుటుంబం రెండు చోట్ల పుచ్చుకోకుండా సంస్థలన్నీ కలిసి ఒకే కార్డుల పెట్టె పెట్టుకున్నాయి. పనులు పోయి జనం రోడ్డున పడ్డ కాలానికి, ఆ పెట్టెలో పేరు చూడకుండా ఒక జత బూట్లు కూడా ఎవరూ ఇవ్వని స్థితి వచ్చింది.

ఆంటీ దాన్ని గుడ్డిగా తిట్టేవారు కాదు. ఒకసారి ఒక కార్డు చూపించి, "ఇదిగో చూడు, ఎక్కడో కొండల్లో గొర్రెలు కాసేవాడి పెళ్ళానికి చలికోట్లు అందాయి. ఈ పద్ధతంటూ లేకపోతే ఆవిడ ఉందని ఎవడికి తెలుస్తుంది?" అన్నారు. తర్వాత ఇంకో కార్డు తీశారు. అది తీయడానికి సొరుగులో వెతుక్కోలేదు. ఎక్కడుందో ఆవిడకు తెలుసు.

పని పోయిన ఒక తాపీ మేస్త్రీ భార్య పేరు మీద ఉన్న కార్డు అది. ఎవరు ఏం ఇచ్చారు అన్న వరస ఖాళీ. విజిటర్ ఏం చూసింది అన్న వరసలో చక్కటి చేతిరాత. పొయ్యి మీద మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది, సాయం అవసరం లేదు, అని దాని అర్థం. కింద ఇంకెవరో పెన్సిల్‌తో రాశారు, ఆ కుండ పక్కింటివాళ్ళదని, వాళ్ళ పొయ్యి పాడైతే ఇక్కడ పెట్టుకున్నారని. ఆ కిందిది ఆఖరి వాక్యం. ఇల్లు ఖాళీ చేశారు, ఎక్కడికి వెళ్ళారో తెలియదు.

నేను నవ్వాను. అంత తెలివితక్కువ విజిటర్ ఎవరా అనిపించింది.

ఆంటీ నవ్వలేదు. "మునుపైతే ఒక గుమ్మం కాదంటే ఇంకో గుమ్మం ఉండేదిరా. ఈ పెట్టె వచ్చాక ఒకళ్ళు కాదంటే ఊరంతా కాదన్నట్టే" అన్నారు. కార్డు మళ్ళీ లోపల పెట్టి, సొరుగు మూసి, చేతులు శాలువాకు తుడుచుకున్నారు.

నాకు ఉద్యోగం వచ్చింది, ఇక్కడే సెటిల్ అయ్యాను. డేటాబేస్‌ల పని. మధ్యలో ఒక ఏడాది చదువుకునే పిల్లలు మరీ ఎక్కువమంది వచ్చారు, పనులు దొరకలేదు. గుడివాళ్ళు సరుకులిచ్చారు, తెలుగు సంఘం ఇచ్చింది, స్టూడెంట్ల గ్రూపు ఇచ్చింది. కొందరు మూడు చోట్లా తీసుకుంటున్నారని గొడవ మొదలైంది. సంఘం కార్యదర్శి వరంగల్ మనిషి, మంచివాడే, కానీ వరస తప్పితే తట్టుకోలేడు. "గిట్లయితే నడవది తమ్ముడూ. ఎవ్వరికి ఏం ఇచ్చినమో అందరికీ కనబడాలె. లిస్టు ఒక్కటే ఉండాలె" అన్నాడు.

నేను రెండు రోజుల్లో చేసి ఇచ్చాను. పేరు, అడ్రసు, ఇంటికి వెళ్ళి చూసిందెవరు, ఏం చూశారు, ఎవరు ఏం ఇచ్చారు. ఆ వరసలు నేను కొత్తగా ఆలోచించినవి కావు. నేలమాళిగలో చూసిన కార్డులోవే. అవి బాగున్నాయనిపించింది. సంబరంగా ల్యాప్‌టాప్ తెచ్చి ఆంటీకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"నీకు ఆ కార్డు చూపించింది ఇందుకు కాదురా" అన్నారు. ఆ రోజు నాకు కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోయారు.

ఇళ్ళకు వెళ్ళి చూసి రాసేవాళ్ళు తక్కువైతే నేనూ వెళ్ళేవాణ్ణి. అలా ఒక సాయంత్రం ఒక అమ్మాయి ఫ్లాట్‌కు వెళ్ళాను. కర్నూలు నుంచి వచ్చిన పిల్ల. సన్నగా, తలకు మఫ్లర్ చుట్టుకుని తలుపు తీసింది. "రాండన్నా, కూర్చోండి" అని కుర్చీ తుడిచింది. నలుగురు ఆడపిల్లలున్న ఫ్లాట్. ఫ్రిజ్ మీద బియ్యం మూట సగానికి పైగా ఉంది. నేను అడిగిన ప్రశ్నలన్నిటికీ "పర్వాలేదన్నా" అనే చెప్పింది. పాలు కాచి, టీ పెట్టి, ప్లేట్లో రెండు బిస్కెట్లు పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని టీ ఇవ్వకుండా పంపడం మనకు చేతకాదు కదా. తాగి, బాగుందమ్మా అని చెప్పి, కారులో కూర్చుని ఫోన్లో ఎక్కించాను. బియ్యం ఉన్నాయి. పాలు, బిస్కెట్లు ఉన్నాయి. ప్రస్తుతం అవసరం లేదు.

తర్వాత తెలిసింది, ఆ బియ్యం ఆ పిల్లవి కావని. అలాంటి ఫ్లాట్లలో ఎవరి అర వాళ్ళది, ఎవరి మూట వాళ్ళది. పాలు ఒక రూమ్మేట్‌వి, బిస్కెట్లు ఇంకొకరివి. నాకు టీ ఇవ్వడం కోసం వాళ్ళను బతిమాలి తీసుకుందట. ఆ పిల్ల అరలో ఉప్పు తప్ప ఏమీ లేదని పాలిచ్చిన రూమ్మేటే నాకు చెప్పింది. అప్పటికి ఆ అమ్మాయి గుడికి వెళ్ళి అడిగింది, స్టూడెంట్ల గ్రూపును అడిగింది. అందరూ ఫోను తీసి లిస్టు చూశారు. నేను రాసిన ముక్క చూశారు. సారీ అన్నారు.

"తోటల్లో పళ్ళు కోసే పని ఉందని ఎవరో కాంట్రాక్టరు వ్యాన్‌లో తీసుకెళ్ళాడన్నా. పాస్‌పోర్టు ముందే ఇచ్చేయమన్నాడంట. వద్దే అంటే వినలేదు. ఇక్కడుండి ఏం తినాలే అనింది" అని చెప్పి ఆ రూమ్మేట్ ఏడ్చింది. ఫోను స్విచ్ఛాఫ్. పోలీసులకు చెప్పాం. పెద్దపిల్ల, తన ఇష్టంతో వెళ్ళింది, విచారిస్తాం అన్నారు. కర్నూలు నుంచి వాళ్ళమ్మ ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. మా పాప కనబడిందా సార్ అంటుంది. నన్ను సార్ అంటుంది. అది వినలేను, అయినా ప్రతిసారీ ఎత్తుతాను.

ఆంటీకి చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆవిడ గారెల పిండి రుబ్బుతున్నారు. మిక్సీ ఆపి మొత్తం విన్నారు. "కుండ చూశావు. ఎవరిదని అడగలేదు" అన్నారు. కేకలేసినా బాగుండేది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి నా తల మీద పిండి చెయ్యి పెట్టి, "లే. వెతుకు" అన్నారు.

వెతికాను. సెలవు దొరికినప్పుడల్లా డ్రైవ్ చేసుకుంటూ తోటలున్న ఊళ్ళకు వెళ్ళాను. ఫొటో చూపిస్తే తల అడ్డంగా ఊపేవారు కొందరు, చూడకుండానే గేటు వేసేవారు కొందరు. ఒకచోట తోట కూలీల మేస్త్రీ ఫొటో చూసి, ఒక్క క్షణం ఆగి, తెలియదన్నాడు. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ నన్ను వదలదు. ఇంటికి వచ్చి లిస్టు తెరిస్తే, ఆ పిల్ల పేరు పక్కన నేను రాసిన దాని కింద ఎవరో ఎక్కించారు. ఫ్లాట్ ఖాళీ చేసింది, వివరాలు తెలియవు.

నా రాత చెరిపేశాను. కానీ అప్పటికే ఆ లిస్టు క్రైస్ట్‌చర్చ్ వాళ్ళకు వెళ్ళింది, ఆక్లండ్ వాళ్ళకు వెళ్ళింది. ఎవరి ఫోన్లలో ఎన్ని కాపీలున్నాయో నాకు తెలియదు. ఆ పిల్ల ఏ ఊళ్ళో ఏ గుమ్మం ముందు నిలబడ్డా, నా మాట తనకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది.

ఆంటీ ఒక్కసారే తన నియమం తప్పారు. ఒకరోజు వెళ్ళేసరికి కర్టెన్ రెండు వేళ్ళ మేర తెరిచి ఉంది. ఆవిడ చీకట్లో కుర్చీ వేసుకుని, టీవీ కట్టేసి, ఆ సందులోంచి వరండా వైపు చూస్తున్నారు. "ఆ పిల్ల మునుపు ఇక్కడికీ వచ్చేదేమోరా. నేను ఎవర్నీ చూడలేదుగా. మొహం తెలిసుంటే, రానప్పుడు ఎందుకు రాలేదని అడిగేదాన్నేమో" అన్నారు. ఆ వారం డబ్బాలు మిగలడం మొదలైంది. బయటి నుంచి ఆ సందు ఎంత కనబడుతుందో నాకు తెలియదు. కానీ డబ్బాల కోసం వచ్చేవాళ్ళకు తెలిసిపోయింది. ఆంటీ మళ్ళీ కర్టెన్ పూర్తిగా లాగి, చెంబు ఆనించారు. నెమ్మదిగా డబ్బాలు పోవడం మొదలైంది.

ఆంటీ తను పోవడానికి నాలుగు రోజుల ముందు కూడా అదే అడిగారు. "ఆ పిల్ల జాడ ఏమన్నా తెలిసిందా?"

"లేదాంటీ. వెతుకుతున్నా."

"ఊళ్ళల్లో వెతుకుతున్నావా, కంప్యూటర్లో వెతుకుతున్నావా?"

నేను తల దించుకున్నాను. ఈ మధ్య తోటలకు వెళ్ళడం తగ్గింది. ఆవిడ నా వైపు చూసి, గిన్నెలో మిగిలిన పెరుగన్నం నా ముందుకు తోసి, "తిని వెళ్ళు" అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే.

అంత్యక్రియలకు వెల్లింగ్టన్ నుంచి కూతురు వచ్చింది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం తక్కువ. "లిస్ట్ చేసింది మీరే కదా? అమ్మ చెప్పేది" అంది. అందులో కోపం ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. ఇల్లు ఖాళీ చేయడానికి రెండు వారాలు పడుతుందని, అందాకా మొక్కలకు నీళ్ళు పోయమని తాళం చెవి ఇచ్చింది.

సంతాప సభలో కార్యదర్శి కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. నిజంగానే ఏడ్చాడు. చివర్లో ఒక ప్రకటన చేశాడు. ఆంటీ పేరు మీద వరండా డబ్బాల పథకం ఊరూరా పెడతారట. బిన్ మీద కోడ్ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేసి, పేరు నింపి, డబ్బా తీసుకోవాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, భోజనాలకు ఉండకుండా లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళాను. చిల్లీ బిన్ మూత మీద అప్పుడే ఎవరో స్టికర్ అతికించి వెళ్ళారు. నలుపు తెలుపు గళ్ళు, కింద ఆంటీ పేరు, ఆ కింద వివరాలకు సంప్రదించమని నా పేరు. గోళ్ళతో గీకి ఊడదీశాను. జిగురు మిగిలిపోయింది. వంటింట్లోకి వెళ్ళి, పెరట్లో సిల్వర్‌బీట్ కోసి, నాకు వచ్చినట్టు పప్పు వండాను. ఐస్‌క్రీమ్ డబ్బాల్లో సర్ది, తువ్వాలు పరిచి, నాలుగింటికి బయట పెట్టాను. లోపలికి వచ్చి కర్టెన్ ఈ చివర నుంచి ఆ చివరకు లాగాను. చెంబు ఆనించాను. టీవీ సౌండు పెంచాను. ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఆంటీ మీద ఒట్టు, చూడలేదు.

టీవీలో ఏదో వంటల పోటీ నడుస్తోంది. నేను మనసులో ఒకటే అనుకుంటున్నాను. ఒక్క డబ్బా పోతే చాలు, ఎవరైనా సరే. ఎక్కడో ఆ పిల్ల కూడా ఇలాగే ఎవరి గుమ్మంలోనో చెయ్యి చాపి తీసుకుంటోందని నమ్మగలను.

కుర్చీలోనే నిద్రపోయాను. తెల్లవారి లేచి వరండాలోకి వెళితే, రాత్రి బాగా మంచు కురిసినట్టుంది. మెట్ల మీద ఒక్క అడుగు లేదు. బిన్ మూత నిండా మంచు పట్టింది. స్టికర్ ఊడదీసిన చోట జిగురు మీద ఇంకా దట్టంగా పేరుకుని, ఆ చదరం మాత్రం తెల్లగా, అచ్చం ఒక కార్డంత, కనిపిస్తోంది. మూత అంచుల చుట్టూ వంగి చూశాను. ఎక్కడా ఒక్క వేలి ముద్ర కూడా లేదు. మూత ఎత్తితే, డబ్బాలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.